బిడ్డ చదివి వినిపించిన ఉత్తరం

జహీరాబాద్‌లో నేను పనిచేసే ఉన్నత పాఠశాలలో తల్లిదండ్రుల సమావేశం ఎప్పుడూ శనివారం పదకొండు గంటలకే జరిగేది. ఆ వారం, ఆ గంట ఎవరు పెట్టారో ఎవరికీ తెలియదు. మెదక్ వైపు నుంచి బదిలీ మీద వచ్చి, తెలుగు పాఠాలతో పాటు తొమ్మిదో తరగతి క్లాస్ టీచర్ బాధ్యత కూడా తీసుకున్న ఏడాది, మొదటి సమావేశానికి నేను నలభై కుర్చీలు వేయించాను. ఆరుగురు వచ్చారు.

ఖాళీ కుర్చీలు చూసేసరికి నాకు కోపం ముంచుకొచ్చింది. కన్నవాళ్ళకే పట్టకపోతే మేమేం చేస్తామని, ఏడాదికి మూడు రోజులు కూడా బడికి కేటాయించలేరా అని గట్టిగానే మాట్లాడాను. చివరి వరుసలో కూర్చున్న దర్జీ ఒకాయన మెల్లగా లేచి నిలబడ్డాడు. వాళ్ళ అమ్మాయి నా తరగతిలోనే ఉంది. ఇంట్లో ఉర్దూ మాట్లాడుకునే మనిషి, తెలుగు చక్కగా వచ్చు.

"జర ఏమనుకోకుండ్రి మేడం. రానోళ్ళ మీది గుస్సా వచ్చినోళ్ళ మీద చూపిస్తున్నరు. నేను దుకాణం బంద్ పెట్టి వచ్చిన."

మిగతా ఐదుగురూ తలలు వంచుకున్నారు. నేను "మిమ్మల్ని అనలేదండీ" అని మాట మార్చాను గానీ, ఆయన మాట చాలా రోజులు ముల్లులా గుచ్చుతూనే ఉంది. పొగరుబోతు అనుకున్నాను. అప్పటికి నాకు అంతే అర్థమైంది.

ఆ రోజు రానివాళ్ళలో నేను ప్రత్యేకంగా ఎదురుచూసిన తల్లి ఒకామె ఉంది. ఆమె కూతురు లెక్కల్లో తరగతి మొత్తంలో ముందుండేది. మా లెక్కల సారు ఆ అమ్మాయి నోటుబుక్కు తెచ్చి స్టాఫ్ రూములో అందరికీ చూపించేవాడు. అలాంటి పిల్ల ఉన్నట్టుండి బడికి రావడం తగ్గించింది. వరుసగా మానేది కాదు. రెండు రోజులు వచ్చేది, ఒక రోజు మానేది. అడిగితే కడుపునొప్పి అనేది, జ్వరం అనేది. మూడుసార్లు ఇంటికి ఉత్తరం రాసి ఆ పిల్ల చేతికే ఇచ్చి పంపాను. మూడుసార్లూ కింద తల్లి వేలిముద్రతో ఉత్తరం తిరిగి వచ్చింది. తల్లి మాత్రం రాలేదు.

చివరికి నేనే బయలుదేరాను. ఒక గురువారం బడి వదిలాక, రాబోయే సమావేశం గురించి మరో ఉత్తరం రాసుకుని, వాళ్ళ వాడకు వెళ్ళాను. హైవేకు ఇవతల, లారీలు ఆగే చోటుకు వెనకగా రేకుల ఇళ్ళ వరుస అది. తండ్రి ముంబయి దారి మీద లారీ నడుపుతాడు, నెలకు రెండు మూడు రోజులే ఇంట్లో ఉంటాడు. తల్లి ఇంటి ముందు చిన్న పాకలో జొన్నరొట్టెలు చేసి హైవే మీది హోటళ్ళకు ఇస్తుంది. తెల్లవారుజామున ఒక విడత, సాయంత్రం ఒక విడత. నేను వెళ్ళేసరికి రెండో విడతకు పొయ్యి రాజేస్తోంది.

నన్ను చూసి ఆమె కంగారుగా లేచి పిండి చేతులు కొంగుకు తుడుచుకుంది. "కూసోండ్రి మేడం, కూసోండ్రి" అంటూ పీట వేసింది. వద్దన్నా వినకుండా చాయ్ పెట్టింది. వాళ్ళది బీదర్ వైపు పల్లె. ఇంట్లో కన్నడం మాట్లాడుకుంటారు. ఆమెకు బజారు తెలుగు బాగానే వచ్చు. కిందటేడు ఇక్కడికి వచ్చాక పిల్లను ఎనిమిదో తరగతిలో చేర్పించిందట.

"ఒక్క బడి మనిషి గూడ మా ఇంటికి రాలేదు మేడం ఇంతవరకు. మీరే పస్టు" అంది. ఆ మాటలో నిష్ఠూరం లేదు, సంబరమే ఉంది.

పిల్ల తలుపు వారన నిలబడి నా మొహం వంక చూస్తోంది. ఆ చూపు నాకు అప్పుడు అర్థం కాలేదు. నేను సంచిలోంచి ఉత్తరం తీసి తల్లికి ఇచ్చాను. ఆమె దాన్ని రెండు చేతులా అందుకుని, అట్లాగే కూతురికి ఇచ్చి, "ఏన్ బరదార?" అంది. ఏం రాశారని అడుగుతోందని నాకు తెలిసింది. తర్వాత నావైపు తిరిగి, "మీరు పంపిన కాయిదాలు గిట్లనే సదివి చెప్తది మేడం. ఎంత జల్ది సదువుతదో ఇనుండ్రి" అంది.

పిల్ల కాగితం విప్పింది. ఒక్క క్షణం ఆగి, గొంతు సవరించుకుని, అచ్చం నేను తరగతిలో మాట్లాడే పద్ధతిలో చదివింది.

"గౌరవనీయులైన తల్లిగారికి. మీ అమ్మాయి బాగా చదువుచున్నది. లెక్కలలో మొదటి స్థానము పొందినది. మీరు పని చేసుకుంటూ కూడా అమ్మాయిని బడికి పంపుతున్నందుకు సంతోషము. మీరు సమావేశమునకు రాకపోయినా పరవాలేదు."

నేను రాసింది అది కాదు. అమ్మాయి తరచు బడి మానుతోందని, ఇలాగే సాగితే పరీక్షకు అనుమతి కష్టమని, శనివారం తప్పనిసరిగా రావాలని రాశాను. పిల్ల కళ్ళు కాగితం మీదే ఉన్నాయి. తల్లి మొహం వెలిగిపోతోంది. "ఇన్నరా మేడం?" అంది.

నేను చాయ్ గ్లాసు చేతిలో పట్టుకుని, "విన్నాను" అన్నాను.

ఆ మాట ఎందుకు అన్నానో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. తల్లి సంబరాన్ని ఆమె పాకలోనే, ఆమె పోసిన చాయ్ తాగుతూ చిదిమేయడానికి నోరు రాలేదు. పిల్ల పరువు కాపాడుతున్నాననే గర్వం కూడా లోపల కొంత ఉండాలి. శనివారం వీలైతే రమ్మని మాత్రం నోటితో చెప్పి లేచాను.

రోడ్డు దాకా పిల్ల నా వెంట వచ్చింది. వీధి మలుపు తిరగ్గానే ఏడుపు మొదలుపెట్టింది. కాసేపు ఏడవనిచ్చి, బడికి రాని రోజుల్లో ఎక్కడికి పోతున్నావని అడిగాను.

"బస్టాండుకు పోత మేడం. బీదర్ బస్సులు ఆగేకాడ కూసుంట."

"ఎందుకు?"

"గా బస్సుల మీద బోర్డులు సదువొస్తది నాకు."

తర్వాత మెల్లగా సంగతంతా బయటికి వచ్చింది. ఏడో తరగతి దాకా కన్నడ బడిలో చదివిన పిల్ల ఆమె. కన్నడ అక్షరాలూ తెలుగు అక్షరాలూ దగ్గరి చుట్టాలే. చాలావాటికి తలకట్టే తేడా. ఆ దగ్గరితనమే ఆమెను తికమక పెట్టేది. కూడబలుక్కుంటూ ఒక్కో మాటా చదవగలదు గానీ, గడగడా చదవలేదు. నా చేతిరాతలోని ఉత్తరం తెలుగైతే అసలే అంతుచిక్కలేదు. బడికి రానిది ఏ రోజులో చెప్పమంటే, మొదటి పీరియడు తెలుగు ఉన్న రోజులని చెప్పింది.

అప్పుడు గుర్తొచ్చింది నాకు. ఏడాది మొదట్లో ఒక రోజు ఆ పిల్లను లేపి పాఠం పైకి చదవమన్నాను. ఒక అక్షరాన్ని ఇంకో అక్షరంగా చదివింది. మాట అర్థమే మారిపోయి తరగతి గొల్లుమంది. నేను నిశ్శబ్దం అని బల్ల మీద కొట్టాను. కానీ అంతకుముందు నేనూ నవ్వాను. ఎంతసేపో కాదు, ఒక్క రెప్పపాటు. పిల్ల చూసింది.

"అవ్వకు చెప్పకుండ్రి మేడం. మా అవ్వ అందరికి చెప్పుకుంటది, నా బిడ్డ తెలుగు మంచిగ సదువుతదని."

చెప్పనని మాట ఇచ్చాను. మధ్యాహ్న భోజనం తర్వాత అరగంట నా దగ్గర కూర్చుని చదివేట్టు, బడి మానకుండా వచ్చేట్టు ఒప్పందం చేసుకున్నాం. ఇల్లు చేరేసరికి మనసు తేలికగా ఉంది. మంచి పని చేశాననే అనుకున్నాను.

శనివారం ఆ తల్లి వచ్చింది. ఉదయం రొట్టెలు ఇంకొకామెతో హోటళ్ళకు పంపించి, ఉతికి మడత పెట్టుకున్న చీర కట్టుకుని, పదకొండు కాకముందే కూతురిని పక్కన పెట్టుకుని ముందు వరుసలో కూర్చుంది. అప్పుడే మా హెడ్మాస్టరు తరగతులన్నీ చూసుకుంటూ మా గదికి వచ్చారు. హాజరు పట్టీ తిరగేసి ఆమె ఎవరి తల్లో అడిగారు.

"ఏమమ్మా, ఇన్ని దినాలు పిల్ల బడికి రాకపోతే ఏం చేస్తున్నవు? మూడు ఉత్తరాలు పంపినం. వేలిముద్ర పెట్టి పంపితివి గదా!"

ఆమె ముందు అర్థం కానట్టు చూసింది. తర్వాత కూతురి వైపు చూసింది. పిల్ల తల ఎత్తలేదు. చివరికి ఆమె చూపు నామీద ఆగింది.

"మేడం, మీకు ఎర్కనా?"

"ఎర్కే" అన్నాను.

ఆమె లేచి బయటికి నడిచింది. నేను వెనకాలే వరండాలోకి పరుగెత్తాను. స్తంభం దగ్గర ఆగి నావైపు తిరిగింది. అంతవరకూ 'మీరు' అన్న మనిషి అప్పుడు 'నువ్వు' అంది.

"నా ముందల కూసుంటివి. నా చాయ తాగితివి. అది అబద్ధం సదువుతుంటే ఇన్నవు. ఇన్నరా అని నేను అడిగితే ఇన్న అంటివి. చిన్నపిల్ల, భయపడి చేసింది. నీకేం భయముండే? మీ ఇద్దరి నడుమ నన్ను పిచ్చిదాన్ని చేస్తిరి గదా."

"పిల్ల బాధపడుతుందని..." అంటూ ఏదో మొదలుపెట్టాను.

"నా బిడ్డ బాధ నాకు చెప్పకుంటె ఎవరికి చెప్తవు?" అని ఆమె వెళ్ళిపోయింది.

ఆ వారమంతా పిల్ల బడికి వచ్చింది గానీ నాతో మాట్లాడలేదు. తోటి పిల్లలను అడిగితే, ఇంట్లో తల్లి కొట్టలేదట, తిట్టలేదట. మాట్లాడటమే మానేసిందట. నాకు తరగతిలో పాఠం సాగేది కాదు. ఒక రోజు రవిక కుట్టించుకునే నెపంతో దర్జీ దుకాణానికి వెళ్ళాను. ఆయనది ఆ తల్లి ఇంటికి పక్క వీధే. సంగతంతా చెప్పి, ఎవరితోనైనా కబురు పెడితే ఆమె వస్తుందేమో అన్నాను.

ఆయన మిషను ఆపాడు. "అన్ని దినాలు చిట్టీలే పంపిన్రు గద మేడం. దానితోనే ఇంత లొల్లి అయింది. ఇప్పుడు గూడ కబురేనా? మీరే పోండ్రి."

ఆ సాయంత్రమే వెళ్ళాను. ఆమె నన్ను చూసింది, పని ఆపలేదు. పిండి ముద్ద అరచేతితో తడుతూ, తిప్పుతూ రొట్టె వెడల్పు చేస్తోంది. ఈసారి పీట వేయలేదు. నేనే తీసుకుని కూర్చున్నాను. తప్పు నాదేనని చెప్పాను. ఉత్తరం రోజు సంగతే కాకుండా, దానికంటే ముందటి తరగతి సంగతీ చెప్పాను. అది పిల్ల కూడా తల్లికి చెప్పలేదు.

ఆమె చెయ్యి ఆగింది. "నవ్విన్రా పిల్లలు?"

"నవ్విన్రు."

"నువ్వు గూడ?"

"నేను గూడ నవ్విన అక్కా."

ఆమె రొట్టెను పెనం మీద వేసి, పైన నీళ్ళు అద్దింది. తర్వాత పొయ్యి వైపు చూస్తూనే చెప్పింది. "మా ఊర్ల నన్ను గూడ బడికి తోలిన్రు. రెండో తరగతి. నేను ఏందో తప్పు చెప్పిన. మాస్టరు నవ్విండు. తెల్లారి నేను పోలే. ఎందుకు పోతలేవని ఎవ్వరు అడుగలే. గంతే, నా సదువు."

పిల్ల లోపలి నుంచి వింటోంది. తల్లి ఆమెను బయటికి పిలిచి, మొన్నటి కాగితం తెమ్మంది. "ఇప్పుడు సదువు. ఉన్నది ఉన్నట్టు సదువు" అంది.

పిల్ల మా ఇద్దరి మధ్య నేల మీద కూర్చుంది. ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి, కూడబలుక్కుని, తప్పు చదివి, వెనక్కి వచ్చి, మళ్ళీ చదివింది. పది వాక్యాల ఉత్తరానికి మూడు నాలుగు రొట్టెలు కాలేంత సేపు పట్టింది. తల్లి మధ్యలో ఒక్కసారి కూడా తొందరపెట్టలేదు. 'గైర్హాజరు' దగ్గర పిల్ల ఆగిపోయింది. తల్లి నావైపు చూసి, "అంటే?" అంది. బడికి రాకపోవడం అని చెప్పాను. 'తదుపరి చర్యలు' దగ్గర మళ్ళీ, "అంటే?" అంది. ఏం చెప్పాలో నాకే తోచలేదు. ఏ చర్యలో రాసినప్పుడు నేనూ అనుకోలేదు. నా ఉత్తరం అలా ముక్కలు ముక్కలుగా వినిపిస్తుంటే, ఇంటికి వెళ్ళి ఎదురుగా నిలబడి ఈ మాటలు ఎవరితోనైనా అనగలనా అనిపించింది.

చదవడం అయ్యాక ఆమె నాకో షరతు పెట్టింది. "ఇగనుంచి సంగతి ఏదున్నా ముందుగాల నాకు చెప్పు. మంచిదైనా, చెడ్డదైనా. దాని నోటితోని కాదు, నీ నోటితోని." అప్పుడు వేడి రొట్టె ఒకటి పళ్ళెంలో వేసి, పచ్చికారం పెట్టి నా ముందుకు జరిపింది. ఆ రోజు నుంచి ఆమె నన్ను మళ్ళీ 'మీరు' అనలేదు. నేనూ అది కోరుకోలేదు.

ఉత్తరాలు రాయడం తగ్గించాను. చెప్పవలసింది ఫోనులో మాటగా రికార్డు చేసి తల్లిదండ్రులకు పంపడం మొదలుపెట్టాను. అందరికీ తెలుగు చాలదని దర్జీ గుర్తు చేశాడు. అదే సంగతిని ఆయన ఉర్దూలో చెప్పి పంపేవాడు. కన్నడంలో చెప్పడానికి ఎవరున్నారా అని వెతికే పని లేకపోయింది. మొదటి రోజు ఆ పిల్ల ఫోను మూతికి మరీ దగ్గరగా పెట్టుకుని గబగబా చెప్పేసింది. తల్లి విని, "మెల్లగ చెప్పు, ఉన్నదే చెప్పు" అని మళ్ళీ చెప్పించింది. మధ్యాహ్నం అరగంట చదువు మానలేదు. నాకు తెలుగు చదివి వినిపించాక, పిల్ల నాకు కన్నడ అక్షరాలు దిద్దించేది. నేను తప్పు చదివితే నవ్వేది. నవ్వనిచ్చాను.

సమావేశం వేళ మార్చుదామన్నది దర్జీయే. ఆదివారం మధ్యాహ్నం మూడింటికి, తన దుకాణం ముందున్న ఖాళీ జాగాలో పెడితే వాడ వాళ్ళు వస్తారన్నాడు. బడి సమావేశం బజారులో ఏమిటని హెడ్మాస్టరు మొదట ఒప్పుకోలేదు. ఒక్కసారి చూద్దామని బతిమాలాను. ఆ రోజు కుర్చీలు చాలక కొందరు గోనెపట్టాల మీద కూర్చున్నారు. ఝరాసంగం వైపు పల్లెల నుంచి ఇద్దరు ఆడవాళ్ళు షేర్ ఆటోలో వచ్చారు.

పిల్లలు పదో తరగతికి వచ్చాక అక్కడే జరిగిన మరో సమావేశంలో, మార్కుల గురించి మేం చెప్పడం అయ్యాక, రొట్టెల తల్లి లేచింది. పదో తరగతి ప్రత్యేక తరగతులు సాయంత్రం ఆరు దాకా నడుస్తున్నాయని, ఆ వేళకు పల్లెలకు ఆటోలు దొరకవని, ఆడపిల్లలు హైవే పక్కన నిలబడి ఎదురుచూస్తున్నారని చెప్పింది. ఆమె ఇల్లు ఊళ్ళోనే. అది ఆమె కూతురి బాధ కాదు. పక్కన కూర్చున్న ఝరాసంగం ఆమె నోరు తెరవలేక ఈమెకు చెప్పుకుందని తర్వాత తెలిసింది.

హెడ్మాస్టరు నావైపు చూసి, "ఇది మీరు చెప్పి అడిగించిన్రా మేడం?" అన్నారు.

నేను నోరు తెరిచేలోపే ఆమె అందుకుంది. "ఆమె ఎందుకు చెప్తది సార్? మాకు కండ్లు లేవా? మార్కులు తక్కువైతే మమ్మల్ని అడుగుతరు. పిల్ల రోడ్డు మీద నిలబడితే మేము ఎవరిని అడగాలె?"

నాకు లోపల భయమేసింది, నిజమే చెప్పాలి. తల్లిదండ్రులు రావాలని కోరుకున్నదాన్నే. వచ్చినవాళ్ళు మమ్మల్ని ప్రశ్నిస్తారని మాత్రం నేనెప్పుడూ అనుకోలేదు. వాళ్ళు వచ్చి, తలలూపి, సంతకం పెట్టి పోతారని అనుకున్నాను కాబోలు. హెడ్మాస్టరు వారం రోజులు ముభావంగా ఉండి, తర్వాత ప్రత్యేక తరగతుల్ని ఉదయానికి మార్చారు. సంగారెడ్డి నుంచి వచ్చే టీచర్లు ఇద్దరు నాతో కొన్నాళ్ళు మాట్లాడలేదు. వాళ్ళకూ ఇళ్ళున్నాయి, వాళ్ళ కోపమూ న్యాయమైనదే.

అన్నీ చక్కబడలేదు. ఆ తరగతిలోనే కోహీర్ దగ్గరి అమ్మాయి ఒకతె సంవత్సరం మధ్యలో చదువు మానేసింది. ఆ ఇంటికి నేనూ, రొట్టెల తల్లీ కలిసి రెండుసార్లు వెళ్ళాం, నేను ఒక్కదాన్నే ఇంకో రెండుసార్లు వెళ్ళాను. మర్యాదగా కూర్చోబెట్టి మంచినీళ్ళు ఇచ్చారు. పిల్లను మాత్రం పంపలేదు. ఎందుకో చెప్పనూ లేదు.

బస్టాండులో బోర్డులు చదివిన పిల్ల పదో తరగతి పాసైంది. తెలుగులో వచ్చిన మార్కులు గొప్పవేం కావు, గట్టెక్కేటన్ని. ఇప్పుడు ఇంటర్ రెండో ఏడు చదువుతోంది, లెక్కలే తీసుకుంది. తండ్రి లారీ నుంచి కాగితాలు ఫోనులో ఫోటో తీసి పంపి చదివి చెప్పమంటే ఆమే చెబుతుందట, ముంబయి దారిలో ఏ భాషలో ఉన్నా.

ఈ ఏడు నాకు మళ్ళీ కొత్త తొమ్మిదో తరగతి వచ్చింది. బడి తెరిచిన మొదటి నెలలోనే, ఎవరి మీదా ఏ ఫిర్యాదూ లేకముందే, ఇళ్ళకు వెళ్ళడం అలవాటు చేసుకున్నాను. మొన్న ఝరాసంగం వైపు ఒక ఇంటికి వెళితే, వాకిట్లో కందిపప్పు చెరుగుతున్న ముసలామె నన్ను చూడగానే చేట పక్కన పెట్టింది. టీచరునని చెప్పగానే ఆమె మొహం మారిపోయింది.

"ఏం చేసింది మా పిల్ల?"

"ఏం చెయ్యలే అవ్వా. ఊకనే వచ్చిన. మీ పిల్ల గురించి మీరేమన్న చెప్తరేమోనని."

ఆమె నన్ను కాసేపు అనుమానంగా చూసింది. తర్వాత చాప పరిచి, మనవరాలి గురించి చాలాసేపు చెప్పింది. ఉరుములంటే భయమని, కోపమొస్తే అన్నం తినదని, చిన్నప్పుడు ఒక చెవికి చీము పట్టి ఆ వైపు సరిగ్గా వినబడదని. ఆ సంగతి బడిలో ఎవరికీ తెలియదు. నేను లేచి చెప్పులు వేసుకుంటుంటే మళ్ళీ ఆపింది.

"ఎడమ చెయ్యితోని రాస్తది. కొట్టి మాన్పియ్యకు బిడ్డా."

కొట్టనని చెప్పాను. ఆమె నమ్మినట్టు లేదు. గడప దాకా వచ్చి, నా చెయ్యి పట్టుకుని, ఆ మాటే ఇంకోసారి చెప్పించుకుంది.